ప్రయోగం ఉన్నదా? : ఇంగ్లీషు వాడుక మాటలు – ప్రాచీన గ్రీకు పర్యాయాలు

చక్కెరకు ప్రాచీన గ్రీకులో మాట ఉన్నదా? పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఒక విద్యార్థికి ఈ సందేహం కలిగితే, ఏ గ్రంథాలను ప్రమాణంగా తీసుకున్నాడన్నదానిని బట్టి అతనికి సమాధానం దొరికేది. క్రీ.శ. 1వ శతాబ్దపు వైద్యుడు డయోస్కోరిడీస్ ‘సాక్ఖరోన్’ అనే మాటను వాడాడు. అదే శతాబ్దానికి చెందిన నౌకాయాన గ్రంథం ‘ఎరిత్ర సముద్ర పెరిప్లస్’లో ‘సాక్ఖరి’ అనే రూపం ఉన్నది. మన చక్కెరకు, సంస్కృత శర్కరకు, ఇంగ్లీషు షుగర్‌కు ఇది దగ్గరి చుట్టమే. కాబట్టి మాట గ్రీకులో ఉన్నది. అయినా క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ఏథెన్స్ రచయితలు మాత్రమే ప్రమాణమని నమ్మిన ఉపాధ్యాయుని దృష్టిలో ఆ మాట లేనట్టే లెక్క. విద్యార్థి తేనెతో సరిపెట్టుకోవాలి, లేదా వాక్యాన్నే తిప్పి రాసుకోవాలి.

ఒక మాట భాషలో ఉండటం వేరు, దానికి ప్రయోగం ఉండటం వేరు. తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ భేదం కొత్తది కాదు. నిఘంటువులో ఆరోపం పక్కన కవి పేరు, కావ్యం పేరు కనిపించకపోతే మాట మీద అనుమానపడే అలవాటు మనకు చాలాకాలంగా ఉన్నది. ఇంగ్లీషు వాడుక మాటలను ప్రాచీన గ్రీకులోకి మార్చే ప్రయత్నం ఈ అలవాటు ఎంత దూరం పోగలదో, అది దేనిని కాపాడి దేనిని పోగొడుతుందో చూపే చక్కని ఉదాహరణ. అందుకే పరాయి భాషల చరిత్ర అయినా ఇక్కడ పరిశీలనకు తీసుకున్నాను. గ్రీకు మాటలను తెలుగు లిపిలోనే రాశాను. ప్రాచీన గ్రీకు త, ద ధ్వనులు మన దంత్యాలే. థ, ఫ, ఖ ధ్వనులు కూడా ఆ కాలంలో మన మహాప్రాణాల వంటివే. ఈ విషయంలో ఇంగ్లీషు లిపి కంటె తెలుగు లిపికే ఎక్కువ వెసులుబాటు ఉన్నది.

ఇంగ్లండు పాఠశాలలు గ్రీకు చదివి అర్థం చేసుకుంటే చాలనుకోలేదు, ఆ భాషలో రాయగలగాలని పట్టుబట్టాయి. ఉపాధ్యాయుడు ఒక ఇంగ్లీషు గద్యభాగం ఇస్తాడు. విద్యార్థి దానిని డెమోస్తనీస్ ఉపన్యాసంలోనో, ప్లేటో సంభాషణలోనో కనిపించదగిన గ్రీకులోకి మార్చాలి. కేంబ్రిడ్జిలో రిచర్డ్ పోర్సన్ పేరిట నెలకొల్పిన బహుమతి షేక్స్పియర్ వంటి కవుల పంక్తులను గ్రీకు పద్యాలుగా మలచినవారికి దక్కేది. థామస్ కెర్చెవర్ ఆర్నాల్డ్ 1838లో గ్రీకు గద్యరచనకు అభ్యాసగ్రంథం వెలువరించాడు. ఆర్థర్ సిడ్జ్‌విక్ పుస్తకం 1876లో వచ్చింది. ఈ చదువు నీడ మన దేశం మీద కూడా పడింది. ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష పెట్టాలని మెకాలే అధ్యక్షతన 1854లో సమర్పించిన నివేదిక గ్రీకుకు 750 మార్కులు, లాటిన్‌కు 750 మార్కులు కేటాయించింది. సంస్కృతానికి, అరబ్బీకి ఇచ్చినవి చెరి 375. ఆ పద్ధతిలో ఎంపికై తెలుగు జిల్లాలకు వచ్చిన అధికారులలో పలువురు తెలుగు ఓనమాలు చూడకముందే గ్రీకు క్రియారూపాలు వల్లించినవారు.

నిఘంటువుల మాటకు వస్తే, 1843లో లిడెల్, స్కాట్ ప్రచురించిన సుప్రసిద్ధ నిఘంటువు గ్రీకు నుండి ఇంగ్లీషుకు పోయేది. అందులో ప్రతి ఆరోపమూ ఏదో ఒక గ్రంథం నుండి వచ్చినదే. గ్రంథంలో ఉన్న మాటకు అర్థం చెప్పటమే నిఘంటుకర్త పని. ఎదురు దిశలో పోయే నిఘంటువు పరిస్థితి అది కాదు. అక్కడ ప్రశ్న గ్రంథాల నుండి పుట్టదు, జీవితం నుండి పుడుతుంది. రొట్టె, వెన్న, దూది, మిరియం, నీళ్లు అంటూ లోకం ఒక్కొక్క వస్తువును తెచ్చి ముందు పెడుతుంది. జవాబు మాత్రం గ్రంథాలలోనే వెతకాలి. చార్లెస్ డ్యూక్ యంగ్ 1849లో ఇంగ్లీషు–గ్రీకు నిఘంటువు తెచ్చినప్పుడు, మంచి ప్రామాణ్యం గల రచయితలు వాడిన మాటలన్నీ ఇందులో ఉన్నాయని శీర్షికలోనే చాటుకున్నాడు. ‘ప్రామాణ్యం గల’ అన్న విశేషణంలోనే ఒక చరిత్ర దాగి ఉన్నది. దాని సంగతి తరువాత చూద్దాం.

ఈ తరహా గ్రంథాలలో ఎక్కువకాలం నిలిచినది ఎస్. సి. వుడ్‌హౌస్ 1910లో లండన్ నుండి ప్రచురించిన ఇంగ్లీషు–గ్రీకు నిఘంటువు. అట్టిక్ భాషా పదకోశమని దాని ఉపశీర్షిక. అట్టికా అంటే ఏథెన్స్ ఉన్న ప్రాంతం. అంటే ఈ నిఘంటువు ఇంగ్లీషు మాటలకు గ్రీకు భాషలో ఏమంటారో చెబుతానని అనలేదు, ఒక నగరంలో ఒక కాలంలో రాసినవారు ఏమన్నారో చెబుతానన్నది. తన హద్దును దాచుకోకపోవటం దాని నిజాయితీ. ప్రతి పర్యాయం పక్కనా గద్యానికి ఒక గుర్తు, పద్యానికి ఒక గుర్తు ఉంటాయి. మూడవ గుర్తు హాస్యనాటక కర్త అరిస్టోఫనీస్‌ది. నాకు ఈ మూడవ గుర్తే అన్నిటికంటె విలువైనదిగా తోస్తుంది. ఇంటి సామాను, వంట, సంత, తిట్టు వంటి విషయాలకు ఏథెన్స్ సాక్షి చాలాచోట్ల అరిస్టోఫనీసే. విషాదాంత నాటకంలో రాజులు శపిస్తారు, విలపిస్తారు, చస్తారు, పప్పు వండుకోరు. చరిత్రకారుడు యుద్ధం రాస్తాడు కాని యుద్ధానికి పోయినవాడి మూటలోని ఉల్లిపాయల గురించి రాయటం అరుదు. నవ్వించటానికి రాసినవాడి వల్లనే వాడుక మాట బతికింది.

తెలుగులోనూ స్థితి ఇంచుమించు ఇదే. ఓరుగల్లు వీథుల భాష కొంతైనా తెలుస్తున్నదంటే దానికి క్రీడాభిరామం కారణం. వృత్తులు, పనిముట్లు, పిల్లల ఆటల పేర్లు కావాలంటే ప్రబంధ నాయికల వర్ణనల్లో వెతికి లాభం లేదు. హంసవింశతిని, శుకసప్తతిని తెరవాలి. శృంగార కథలని పక్కన పెట్టిన కావ్యాలే పదకోశాలుగా మిగిలాయి.

ఇక వాక్యనిర్మాణం. ఇంగ్లీషు విద్యార్థిని అన్నిటికంటె ఎక్కువ వేధించినవి కష్టమైన మాటలు కావు, అతి తేలికైనవి. ‘నాకు ఇల్లు ఉన్నది’ అనే భావానికి ఇంగ్లీషులో ఇంటిని కర్మగా చేసి ఒక క్రియ వాడాలి. గ్రీకులోనూ అటువంటి క్రియ ఉన్నది. కాని దానితోపాటు ‘ఎస్తి మోయ్’ అనే పలుకుబడి కూడా ఉన్నది. మాటకు మాట పెడితే అది ‘ఉన్నది నాకు’. తెలుగువాడికి ఇది నేర్పనక్కరలేదు. అవునని చెప్పటానికి గ్రీకులో ‘నాయ్’ అనే మాట ఉన్నా, ప్లేటో పాత్రలు ఎక్కువగా ‘అంతేకదా’, ‘కాక మరేమిటి’ వంటి పలుకులతోనో, ప్రశ్నలోని క్రియనే తిరిగి చెప్పో సమ్మతి తెలుపుతాయి. వస్తావా అంటే వస్తాను అనే మనకు ఇందులో వింత లేదు. ఇంగ్లీషులో ‘వచ్చారు, చెప్పారు’ అని రెండు సమాపక క్రియలను కలిపే చోట గ్రీకు ‘ఎల్థోంతెస్ ఎయ్‌పోన్’ అంటుంది, అంటే ‘వచ్చి చెప్పారు’. మొదటి క్రియను అసమాపకంగా మార్చమని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు పదే పదే హెచ్చరించవలసి వచ్చింది. భావవాచక నామాలను తగ్గించి క్రియలతో చెప్పమన్న హెచ్చరికా అలాంటిదే. గ్రీకును ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థి ఒక్కొక్కచోట మధ్యవర్తిని పక్కకు తప్పుకోమని అడగవలసి వస్తుంది. నా అనుభవమూ అదే. ఇంగ్లీషు వివరణ రెండు పుటలున్న చోట తెలుగు అనువాదం ఒక్క మాటతో తేలిపోయిన సందర్భాలు నా నోటుపుస్తకంలో చాలా ఉన్నాయి.

బంధువాచకాల దగ్గర ఇంకో సంగతి. గ్రీకులో సోదరుణ్ణి ‘అదెల్ఫోస్’ అంటారు. మాటలో మొదటి అచ్చు ‘సహ’ అనే అర్థాన్ని, ‘దెల్ఫ్యుస్’ గర్భాన్ని సూచిస్తాయి. ఒకే కడుపున పుట్టినవాడని అర్థం. మన సహోదర శబ్దం కూర్పు సరిగ్గా ఇదే. అయితే అన్న, తమ్ముడు అనే భేదాన్ని ఒక్క మాటలో చెప్పటం గ్రీకుకూ ఇంగ్లీషుకూ చేతకాదు. ఈ విషయంలో ఆ రెండింటి మధ్య అనువాద సమస్యే లేదు, సమస్య వాటి నుండి తెలుగుకు వచ్చినప్పుడే.

కృతజ్ఞత చెప్పే మాట చిక్కైనది. ఇంగ్లీషువారు రోజుకు పదిసార్లు అనే ఆ మాటకు అట్టిక్‌లో ‘ఖారిన్ ఓయ్‌ద’ అనే పలుకుబడి ఉన్నది. ఉపకారాన్ని ఎరుగుదునని దాని అర్థం. మన ‘మేలు మరువను’కు ఇది ఎంత దగ్గరో చూడండి. ఇచ్చినదాన్ని మర్యాదగా వద్దనటానికి మాత్రం ‘మెచ్చుకుంటున్నాను’ అనే క్రియను వాడేవారు. అరిస్టోఫనీస్ ‘కప్పలు’ నాటకంలో విందుకు పిలిస్తే సేవకుడు ఇలాగే తప్పించుకోజూస్తాడు. నిఘంటువు నమ్మి మాటకు మాట పెట్టిన విద్యార్థి, కావాలన్న చోట వద్దన్నట్టవుతుంది.

వస్తువాచకాలలో ప్రయోగమనే కొలబద్ద మరీ విచిత్రంగా పనిచేస్తుంది. వెన్నను తీసుకుందాం. ఇంగ్లీషు బటర్ శబ్దం లాటిన్ ద్వారా గ్రీకు ‘బూత్యురోన్’ నుండే వచ్చింది. ఆవు జున్ను అని దాని వ్యుత్పత్తి. కాని ఏథెన్స్‌వాసి తినేది ఆలివు నూనె. క్రీ.పూ. 4వ శతాబ్దపు హాస్యనాటక కర్త అనక్సాండ్రిడీస్ థ్రేసు దేశీయులను వెన్నతినేవాళ్లని వెక్కిరించాడు. పర్యాయపదం దొరికింది, ప్రయోగమూ దొరికింది, అయినా రొట్టెకు వెన్న రాసుకునే ఇంగ్లీషు కుర్రవాడి ఉదయం గ్రీకులో అనాగరికుడి ఉదయమైపోయింది. అర్థం కుదిరినా మర్యాద కుదరలేదు. మిరియానిది అదృష్టం. సంస్కృత పిప్పలికి సంబంధించిన ‘పెపెరి’ శబ్దం 4వ శతాబ్దపు హాస్యనాటక ఖండికల్లోనే కనిపిస్తుంది కనుక దానికి ప్రవేశం ఉన్నది. మన దేశం నుండే పోయిన చక్కెరకు ఆ అదృష్టం లేదు. రెండూ పరాయి నేల పంటలే, రెండింటి పేర్లూ ఈ నేలవే. తేడా అంతా ఏ శతాబ్దపు ఓడలో ఎక్కాయన్నదే.

దూది సంగతి ఇంకా ఆసక్తికరమైనది. హెరొడోటస్ తన చరిత్ర మూడవ భాగంలో, భారతీయుల అడవిచెట్లు గొర్రెబొచ్చును మించిన ఉన్నిని కాయలుగా కాస్తాయని, వారు దానితో బట్టలు చేసుకుంటారని రాశాడు. అతనికి ఒక్క మాట లేక చెట్టు ఉన్ని అనే వర్ణనతో సరిపెట్టుకున్నాడు. పైగా అతనిది అట్టిక్ కాదు, అయోనిక్ మాండలికం. కొన్ని వందల ఏళ్ల తరువాత వచ్చిన పెరిప్లస్‌లో సంస్కృత కార్పాసం నుండి పుట్టిన ‘కార్పాసోస్’ శబ్దం పశ్చిమ తీరపు వర్ణనలో ఉన్నది. ఆ గ్రంథకర్త తూర్పు తీరానికి వచ్చి మసలియ అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయన్నాడు. టాలెమీ దానినే మైసోలియా అన్నాడు. కృష్ణానది ముఖద్వార ప్రాంతమని, మచిలీపట్నం పేరుతో సంబంధమున్నదని చరిత్రకారులు గుర్తించిన ప్రాంతం అది. మన తీరంలో నేసిన బట్టను చూచినవాడు, లేదా చూచినవారి నుండి విన్నవాడు, గ్రీకులో దానికి పేరు పెట్టి రాసి ఉంచాడు. కాని అది వర్తకుడి గ్రీకు, వ్యాకరణం అక్కడక్కడ తడబడే గ్రీకు, పైగా ఆలస్యంగా వచ్చిన గ్రీకు. ఆక్స్‌ఫర్డు విద్యార్థి తన అనువాదంలో ఆ మాట వాడితే ఎర్రసిరా గీత తప్పదు. గ్రీకు భాష మనల్ని తాకిన చోటే దానికి ప్రామాణ్యం లేకపోయింది.

ఈ కొలబద్ద ఇంగ్లీషువారు కనిపెట్టినది కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో, అంటే ఏథెన్స్ వైభవం గడచి అయిదారు వందల ఏళ్లు దాటాక, గ్రీకు పండితులే దానిని తయారుచేశారు. అప్పటి గ్రీకు తూర్పు మధ్యధరా ప్రాంతమంతటా వ్యాపించిన ఉమ్మడి భాష. అది పతనమైన భాష అని, చదువుకున్నవాడు పాత అట్టిక్‌లోనే రాయాలని వాదించినవారిని అట్టిక్‌వాదులంటారు. వారిలో ఫ్రినికస్ అనే పండితుడు కూర్చిన మాటల పట్టిక మనకు దక్కింది. ఈ మాట అనరాదు, ఇలా అనాలి అని ఒక్కొక్క ఆరోపం కింద తీర్పులుంటాయి. అతని కాలపు జనం కృతజ్ఞత తెలపటానికి ‘ఎఉఖరిస్తెయిన్’ అనే క్రియ వాడుతున్నారు. ఆమోదం పొందిన రచయితలెవరూ దానిని వాడలేదు కాబట్టి పనికిరాదని, పైన చెప్పిన ‘ఖారిన్’ పలుకుబడినే వాడాలని అతని తీర్పు. తాజా నీటిని జనం ‘నేరోన్’ నీరు అంటున్నారు. అదీ నిషిద్ధమే. యంగ్ శీర్షికలోని ‘ప్రామాణ్యం గల రచయితలు’ ఈ ఫ్రినికస్ పట్టికలోని ‘ఆమోదం పొందిన’వారి వారసులు.

ఆ కాలపు విద్వద్గోష్ఠుల వాతావరణం అథీనియస్ రాసిన ‘విందులో విద్వాంసులు’ అనే బృహద్గ్రంథంలో కనిపిస్తుంది. అందులో ఉల్పియన్ అనే పాత్ర ఉన్నది. వీథిలో, పుస్తకాల అంగట్లో, స్నానశాలలో ఎక్కడ ఏ మాట వినబడినా, ఇది గ్రంథంలో ఉన్నదా లేదా అని అడగందే ఊరుకోడు. తాగుబోతు అనే మాటను మగవాడికి వాడిన ప్రయోగం ఉన్నదా? అడవిపందికి ఈ సమాసం ఉన్నదా? తేలేదాకా ముద్ద ముట్టడు. ‘ఉన్నదా’, ‘లేదా’ అని అర్థమిచ్చే గ్రీకు క్రియను రెండుసార్లు అతికించి అతనికి ‘కెయ్‌తూకెయ్‌తోస్’ అని ముద్దుపేరు పెట్టారు. ఉన్నదాలేదాశాస్త్రి అని అనువదించుకోవచ్చు. తెలుగు శాఖల సదస్సులకు హాజరైనవారికి ఈయన పరిచయమున్నట్టే అనిపిస్తుంది.

దీనిని పండితుల వినోదమని కొట్టివేయటానికి వీలులేదని చెప్పినవాడు వైద్యుడు గాలెన్. క్యాబేజీని పాత అట్టిక్‌లో ‘రాఫనోస్’ అనేవారు. గాలెన్ కాలానికి జనం దానిని ‘క్రాంబే’ అంటున్నారు, రాఫనోస్ అంటే ముల్లంగి అనుకుంటున్నారు. పథ్యం చెప్పే వైద్యుడు అట్టిక్ శుద్ధి కోసం పాతమాట వాడితే రోగి తినేది మరొకటి. ఆహారపదార్థాల గుణాలను గురించిన గ్రంథంలో గాలెన్ ఈ ధోరణిని ఎగతాళి చేశాడు. తాము మాట్లాడుతున్నది ఇప్పటి గ్రీకులతో కాదు, ఆరువందల ఏళ్లనాటి ఏథెన్స్ వారితో అన్నట్టు ఈ పండితులు ప్రవర్తిస్తున్నారని అతని ఆక్షేపణ. అయితే అట్టిక్ మీద అతనికి ద్వేషం లేదు. అట్టిక్ గద్యరచయితల మాటలకు 48 భాగాల నిఘంటువు కూర్చినవాడు అతడే. క్రీ.శ. 192లో రోమ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అతని పుస్తకాలు ఎన్నో కాలిపోయాయి. ఆ నష్టాన్ని గురించి అతడు రాసిన చిన్న గ్రంథం పోయిందనుకుంటే 2005లో థెస్సలొనీకి నగరంలోని ఒక మఠంలో రాతప్రతి దొరికింది. పాత మాటలను అంత శ్రద్ధగా సేకరించినవాడు వాటిని రోగి నోట బలవంతంగా పెట్టవద్దనటం ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం.

మళ్లీ 1910కి వద్దాం. వుడ్‌హౌస్ చదువుకున్నది ఆక్స్‌ఫర్డులో. అదే ఆక్స్‌ఫర్డుకు చెందిన గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు పండితులు 1896–97 శీతకాలంలో ఈజిప్టులోని ఆక్సిరింకస్ అనే చోట చెత్తదిబ్బలు తవ్వి వేలాది పపైరస్ ముక్కలు బయటికి తీశారు. వాటి ప్రచురణ 1898లో మొదలైంది. పన్ను రసీదులు, కౌలు పత్రాలు, ఇంటికి రాసిన ఉత్తరాలు, కొనవలసిన సరుకుల జాబితాలు అందులో ఉన్నాయి. ఇంగ్లీషు వాడుక మాటకు గ్రీకు వాడుక మాట ఎక్కడైనా దొరుకుతుందంటే ఇక్కడే దొరకాలి. జర్మన్ పండితుడు డైస్మన్ బైబిలు గ్రీకును అర్థం చేసుకోవటానికి వీటిని ఆధారం చేసుకున్నాడు. రచనాభ్యాసపు తరగతిలోకి మాత్రం అవి రాలేదు, ఎందుకంటే ఆ తరగతి లక్ష్యం గ్రీకులు ఎలా బతికారో తెలుసుకోవటం కాదు. అదే దిబ్బల్లో దొరికి 1903లో వెలువడిన ఒక ప్రహసనంలో కథ భారతదేశపు తీరంలో జరుగుతుంది. అందులో స్థానికులు మాట్లాడే అర్థంకాని మాటలు కన్నడమని మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడు హుల్ష్ వాదించాడు. ఆ వాదం ఇప్పటికీ తేలలేదు. తేలినా తేలకపోయినా, ఒక గ్రీకు రచయిత భారతదేశపు తీరవాసుల మాటలను వేదిక మీద వినిపించాలనుకున్నాడన్నదే గమనార్హం.

కేంబ్రిడ్జి 1919లో, ఆక్స్‌ఫర్డు 1920లో ప్రవేశానికి గ్రీకు తప్పనిసరి అనే నియమాన్ని తొలగించాయి. అభ్యాసం కొద్దిమందికి పరిమితమైంది కాని ఆగిపోలేదు. 2004లో ఆండ్రూ విల్సన్ హ్యారీ పాటర్ మొదటి నవలను ప్రాచీన గ్రీకులోకి అనువదించి ప్రచురించాడు. శైలికి అతడు నమూనాగా తీసుకున్నది లూసియన్‌ని. సిరియా దేశీయుడైన లూసియన్ కూడా ఫ్రినికస్ కాలంవాడే, ఆరువందల ఏళ్లనాటి అట్టిక్‌ను పట్టుదలతో నేర్చుకుని రాసినవాడే.

ఈ వాదం అసలు వేడి తెలియాలంటే గ్రీసు దేశానికే పోవాలి. స్వతంత్ర గ్రీసులో పాలనకు, పాఠశాలకు పాతరూపాలు నింపిన శుద్ధభాష ఏర్పడింది. ఇంట్లో మాట్లాడేది జనభాష. రొట్టె జనభాషలో ‘ప్సోమి’, శుద్ధభాషలో ‘ఆర్తోస్’. ద్రాక్షసారా ‘క్రాసి’, పుస్తకంలో ‘ఓయ్నోస్’. రైలుబండిని జనం ‘త్రేనో’ అంటే, అధికార భాష బండ్ల వరుస అనే అర్థంలో ‘అమక్సోస్తిహియా’ అన్నది. రైలును ధూమశకటమన్న మన పెద్దలు గుర్తుకు వస్తారు. 1888లో ప్సిహారిస్ జనభాషలో గ్రంథం రాసి వివాదం లేపాడు. 1901లో ఒక ఏథెన్స్ పత్రిక సువార్తను జనభాషలో ప్రచురించినందుకు నగరంలో అల్లర్లు జరిగి ఎనిమిదిమంది చనిపోయారు. 1911 రాజ్యాంగం శుద్ధభాషకు రక్షణ కల్పించింది. 1976లో గాని జనభాష అధికార స్థానానికి రాలేదు. ఫ్రినికస్ నిషేధించిన మాటలు ఏమయ్యాయో ఇప్పుడు చూడాలి. నేటి గ్రీసులో దాహం వేసినవాడు అడిగేది ‘నెరో’. అది ఫ్రినికస్ వద్దన్న నేరోన్. తాగినవాడు చెప్పేది ‘ఎఫ్హరిస్తో’. అది ఎఉఖరిస్తెయిన్. పద్దెనిమిది వందల ఏళ్ల పాటు ఎవరి అనుమతీ లేకుండా ఆ రెండు మాటలూ నోటి నుండి నోటికి నడిచివచ్చాయి.

గ్రీకు రాజ్యాంగం వచ్చిన 1911లోనే మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. రెండేళ్లకు గిడుగు రామమూర్తి ఆధునికాంధ్ర భాషను గురించిన విజ్ఞాపన పత్రాన్ని, జయంతి రామయ్య గ్రాంథిక భాషా సమర్థనను వెలువరించారు. రెండు దేశాల వివాదాలకు ప్రత్యక్ష సంబంధాన్ని నేను చూపటం లేదు. కాని ప్రశ్న ఒక్కటే. మాటకు సాక్షి ఎవరు? 1885నాటి శబ్దరత్నాకరం సాక్షిగా కవిని నిలిపింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే బ్రౌన్ కావ్యాలతోపాటు జనం నోటిమాటనూ చేర్చుకున్నాడు. కచేరీల్లో వాడే అన్యదేశ్యాలకు 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువే వేశాడు. కవిప్రయోగాన్ని అడగటం తప్పని నేను అనను. వుడ్‌హౌస్ మూడు గుర్తులు లేకపోతే ఏ మాట ఎక్కడిదో తెలిసేది కాదు. అభ్యంతరమల్లా ప్రయోగం దొరకనిదాన్ని లేదని తీర్పు చెప్పటం మీదనే.

నేను పుట్టిపెరిగింది మచిలీపట్నానికి దగ్గరలో మగ్గాలున్న ఊరు, అంటే పెరిప్లస్ చెప్పిన మసలియలోనే. పరిశోధన కోసం నేతపని మాటలు సేకరిస్తున్నాను. పడుగు, పేక, ఆసు, కండె వంటివాటికి నిఘంటువులలో చోటున్నది. తక్కినవాటిని ఒక సదస్సులో చదివినప్పుడు, వీటికి ప్రయోగమెక్కడ అని ఒక పెద్దలు అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ మాటలు చెప్పింది మా నాయనమ్మ. ఆమె డెబ్బై ఏళ్లు మగ్గం మీద బతికింది, ఏ కావ్యమూ చదవలేదు. ఇప్పుడు నా పట్టికలో ప్రయోగమనే గడిని తీసివేయలేదు. కావ్యం దొరికినచోట కావ్యం పేరు, పద్యం సంఖ్య రాస్తున్నాను. దొరకనిచోట ఊరు, చెప్పినవారి పని, వయస్సు, విన్న తేదీ రాస్తున్నాను.